వేడి చేసింది, అంతే

బాత్రూంలో బ్రష్షు రుద్దే చప్పుడు మళ్లీ మొదలైంది. నానిన బొరుగుల్ని గుప్పెడు గుప్పెడుగా పిండి, తట్టలో వేస్తున్న శివకుమారి ఆగి తలుపు వైపు చూసింది. చేతిలో ఉన్న గుప్పెడును అవసరానికి మించి పిండేసింది. బొరుగులు ముద్దయ్యాయి. ఆ ముద్దను తట్టలోకి విసిరికొట్టింది.

"అయిపోయిందా లేదా? రేపటిదాకా నీళ్లు రావు, తెలుసు గదా?"

చప్పుడు కాస్త నెమ్మదించింది, అంతే.

కల్లూరులో వాళ్లుండే కొత్త వీధికి రోజు విడిచి రోజు నీళ్లు వదులుతారు. ఆ నీళ్లతోనే బొరుగులు నానాలి, ఉల్లిపాయలు కడగాలి, టిఫిను బండి దగ్గర ప్లేట్లు కడగాలి, ఇద్దరు మనుషులు స్నానాలు చెయ్యాలి. అందులోంచి రెండు బకెట్లు ఓబులేష్ తన డ్రాయర్ల మీద పోస్తాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో తాగిన గ్లాసు ఎత్తి పక్కన పెట్టిన మనిషి కాదు. తడి తువ్వాలు మంచం మీదే పారేసే మనిషి. అలాంటివాడు ఒకనాడు ఉన్నట్టుండి తన లోపలి గుడ్డలు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చింది. పోనీలే, ఈ వయసులోనైనా బుద్ధి వచ్చిందనుకుంది. ఆ తరువాత నవ్వు ఆగిపోయింది.

ఓబులేష్ బకెట్టుతో బయటికి వచ్చాడు. పొడుగు మనిషి, సన్నం. ఇరవై ఏళ్లుగా బజ్జీల బాణలి ముందు నిలబడి మొహం కమిలిపోయింది. ముంజేతుల మీద నూనె చిట్లిన చుక్కలు. నీళ్ల డ్రమ్ము వెనక, ప్రహరీ గోడకు తనే కట్టుకున్న తీగ మీద డ్రాయర్లు ఆరేశాడు. వాటి మీద తువ్వాలు కప్పాడు. గుడ్డల మీద గుడ్డ కప్పితే ఎలా ఆరతాయో ఆ దేవుడికే తెలియాలి.

"ఏమయ్యా, ఏంది నీ కథ?" అంది శివకుమారి.

"ఏముండాది? వేడి చేసింది, అంతే."

రెండేళ్లుగా అదే మాట. ముందు గదిలో చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టినప్పుడు అడిగితే వేడి చేసింది. స్కూటరు మీద కూర్చోవడానికి మొహం చిట్లిస్తే వేడి. పోయిన ఉగాదికి ఆమె సిగ్గు విడిచి నేరుగానే అడిగింది, "ఎవతె అది?" అని. అతను చౌడమ్మ పటం మీద చెయ్యి పెట్టి, అట్లాంటిదేమీ లేదని ఒట్టు వేశాడు. ఒట్టు వేస్తూ ఏడ్చాడు. ఎవరూ లేకపోతే ఏడవడమెందుకో ఆమెకు అర్థం కాలేదు. ఉంటే దేవత పటం ముట్టుకునే ధైర్యం అతనికి లేదన్నదీ ఆమెకు తెలుసు. అటూ ఇటూ కాని ఆ చికాకులోనే ఏడాది గడిచింది.

నిన్న సాయంత్రం మాత్రం అతను పిండి పట్టించడానికి పోయినప్పుడు ఆమె ఆ తువ్వాలు ఎత్తి చూసింది. ఎంత రుద్దినా పోని పసుపు మరక. దాని చుట్టూ పాలిపోయిన తుప్పు రంగు గీత. నెత్తురు మరకను ఉతికి ఉతికి వదిలేస్తే ఎలా ఉంటుందో ఆడదానికి ఒకరు చెప్పాలా?

బండి పారిశ్రామికవాడ మలుపులో పెడతారు. పొద్దున్నే నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్లవాళ్లు, సిమెంటు పైపులు పోసేవాళ్లు, లారీ హమాలీలు, అందరూ ఒకేసారి మీద పడతారు. శివకుమారి నానిన బొరుగులతో ఉగ్గాణి కలిపి పప్పుల పొడి చల్లి ప్లేట్లలో పెడుతుంది. ఓబులేష్ కాళ్లు ఎడంగా పెట్టి బాణలి ముందు నిలబడి మిరపకాయ బజ్జీలు తీస్తాడు. ఆ నిలబడే తీరు చూసి హమాలీలు ఎప్పుడూ ఏదో ఒకటి అంటారు. అతను నవ్వి ఊరుకుంటాడు.

ఈరోజు ఆమె ఊరుకోలేదు. బజ్జీలకు ప్లేటు చాపినప్పుడల్లా గొంతు తగ్గించి ఒక మాట అడిగింది.

"నెత్తురు ఎందుకొస్తాండాది?"

బాణలిలో తిప్పుతున్న జల్లిగరిటె ఆగింది. "చూసినావా?"

"చూసినా. చెప్పు."

"అక్కా, రెండు ఉగ్గాణి, నాలుగు బజ్జీ!"

ఆమె ఉగ్గాణి పెట్టి ఇచ్చింది. మళ్లీ ప్లేటు చాపింది. "ఎప్పటినుంచి?"

"మూడు నెల్లు."

"అబద్ధం. ఎవరికన్నా చూపిచ్చుకున్న్యావా?"

"మందంగడిలో అడిగినా. ట్యూబు ఇచ్చినాడు. పూసుకుంటే తగ్గుతాది, మళ్లీ వస్తాది. ఇంకో ట్యూబు. అట్ల శానా ట్యూబులు."

"వాడు చూసినాడా?"

"అంగడి కాడ యాడ చూస్తాడే? జనమంతా ఉంటే."

"చూడకుండా మందెట్ల ఇస్తాడు?"

"గజ్జల్లో దురదని చెప్పినా. ఇచ్చినాడు."

"అక్కా, కారం కొంచెం వేసీ!"

ఆమె అవసరమైనదానికి రెండింతలు వేసింది. ఆ మనిషి దగ్గుతూ నీళ్ల కోసం పోయాడు. ఓబులేష్ బజ్జీలు వంచుతూ, ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, తనే చెప్పాడు.

"బస్టాండు కాడ ఒకాయన కాడికి గూడా పోయినా. గోడల మీద రాసింటారు గదా..."

ఆమెకు తెలుసు. కర్నూలు నుంచి ఎటు పోయే బస్సెక్కినా కిటికీలోంచి కనబడే రాతలు. రహస్య వ్యాధులు, నరాల బలహీనత, గ్యారంటీ. చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉంది. అవి ఎవరో వేరే మగవాళ్ల కోసమని, అలాంటి మగవాళ్లు తన ఇంట్లో ఉండరని అనుకుంది.

"ఆయనన్నా చూసినాడా?"

"నాడి చూసినాడు."

"చేతి నాడా?" శివకుమారి గొంతు పెరిగింది. నలుగురు తలలు తిప్పారు. ఆమె గరిటె తట్టకేసి కొట్టి గొంతు దించింది. "చేతిలో ఉండాదా నీ జబ్బు?"

"వయసులో చేసిన తప్పులకి ఇట్లయితాదని చెప్పినాడు. పొడి ఇచ్చినాడు, పాలల్లో కలుపుకొమ్మని."

"ఏం తప్పులు చేసినావు?"

"ఏమీ చెయ్యలేదే!" అన్నాడు ఓబులేష్. అతని మొహంలో అన్యాయం జరిగినవాడి ఉక్రోషం కనబడింది. "అదే గదా నా బాధ. ఏమీ చెయ్యకుండా ఇదెట్ల వచ్చె?"

ఎండ ముదిరేసరికి బండి సర్దేశారు. ఇంటికి వచ్చాక అతను అన్నం పెట్టమన్నాడు. ఆమె పెట్టలేదు. వీధి తలుపు గడియ పెట్టింది. వంటింటి కిటికీ రెక్కలు బార్లా తెరిచి, వెలుగు పడేచోట స్టూలు వేసింది.

"లుంగీ తీయి."

"పిచ్చా నీకు? పట్టపగలు!"

"రాత్రయితే నాకు అగుపడదు."

అతను కదల్లేదు. కూతురు సుప్రజ కడపలో స్కూలు టీచరు. అల్లుడూ అక్కడే. ఒక మనవరాలు. ఇంత సంసారం చేశాక కూడా, దీపం ఆర్పకుండా వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఎరుగరు. ఆమె కసిరే గొంతుతో కాక మామూలు గొంతుతో మరోసారి అడిగింది. దానికి అతను తట్టుకోలేకపోయాడు. లుంగీ పక్కకి తీసి, మొహం బియ్యం డబ్బా వైపు తిప్పుకున్నాడు.

శివకుమారి వంగి చూసింది. ముందు భాగమంతా తెల్లగా, కాలిన చోట కొత్త తోలు వచ్చినట్టు పలచగా, మెరుస్తూ ఉంది. తోలు ముడుచుకుపోయి వెనక్కి రాకుండా బిగుసుకుంది. బిగుసుకున్నచోట సన్నటి చీలికలు. ఒక పక్క అంచున శనగ గింజంత బొడిపె. దాని నెత్తిన మానని పుండు. వాసన కూడా ఉంది. ఆమె మొహం తిప్పుకోలేదు. అతను తిప్పుకున్న మొహాన్నే చూసింది.

"నొస్తాదా?"

"గుడ్డ తగిలితే. ఒంటికి పోతే."

అప్పుడామెకు గుర్తొచ్చింది. బాత్రూం గోడలు తడిపేస్తున్నాడని, కంటికి గుంట కనబడదా అని, గోడకేమన్నా అభిషేకం చేస్తున్నావా అని ఆమె ఎన్నిసార్లు అరిచిందో! అరిచినప్పుడల్లా అతను మగ్గుతో నీళ్లు పోసి కడిగి వచ్చేవాడు. ధార చీలిపోతోందని ఒక్కనాడూ అనలేదు. అనడానికి నోరేమైంది ఈ మనిషికి?

కోపం మళ్లీ వచ్చింది. "కట్టుకో. అన్నం తిను. సాయంత్రం డాక్టరు కాడికి పోతాండాము."

"సుప్రజకి చెప్పొద్దు."

"చెప్తా. ముందు పద."

ఎదురింటి పీర్ బాషా షేర్ ఆటో నడుపుతాడు. ఓబులేష్ కంటే రెండేళ్లు చిన్న. కల్లూరులో ఇళ్లు కట్టుకున్న నాటి నుంచి స్నేహం. సాయంత్రం ఆటోలో వేరేవాళ్లను ఎక్కించుకోకుండా ఇద్దర్నే కర్నూలు తీసుకుపోయాడు. ఎందుకని అడగలేదు. ఓబులేష్ సీటు మీద ఒక పిర్రతో కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా కడ్డీ పట్టుకుని పైకి లేచాడు.

చర్మం డాక్టరు ఆసుపత్రి మేడ మీద. బోర్డు చదివి అతను మెట్ల మీదే ఆగిపోయాడు.

"డాక్టర్ కృపమణి. ఆడమనిషి!"

"అయితే?"

"నేను రాను."

"సుప్రజ పుట్టినప్పుడు నాకు మగ డాక్టరు కాన్పు చేసినాడు. నేను లేచి పారిపోయినానా?"

అతను మెట్ల కడ్డీ పట్టుకుని పైకి వచ్చాడు. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఏమిటి సమస్య అని అడిగింది. ఓబులేష్ గొంతు సవరించుకుని, "మోకాలి నొప్పి" అన్నాడు.

"ఇక్కడ చర్మానికే చూస్తారండీ."

"మోకాలి మీద దురద."

శివకుమారి కళ్లు మూసుకుంది. తెరిచి, ఆ అమ్మాయి వైపు వంగి, "మొగోళ్లకి ఉండే సోట పుండమ్మా. అట్లనే రాసుకో" అంది. ఆ అమ్మాయి ఏమాత్రం తడబడకుండా రాసుకుంది. బెంచీ మీద ఉన్నవాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు. ఆ ఒక్క మాట కోసం రెండేళ్లా అని శివకుమారికి ఒళ్లు మండింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. కళ్లద్దాలు తలమీదికి తోసుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, దీపం దగ్గరికి లాగి, తీరిగ్గా చూసింది. తొడల మూలల్లో వేళ్లతో ఒత్తి చూసింది. చూస్తున్నంతసేపూ వంకాయలు చూసినట్టు మామూలుగా చూసింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఎప్పటినుంచి ఉంది?"

"మూడు నెల్లు మేడం."

"రెండేండ్లు" అంది శివకుమారి.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఓబులేష్ తల వంచుకున్నాడు.

"అయిదారేండ్లు అయింటాది మేడం. మొదట తెల్లమచ్చే. దురద. బొల్లి అనుకున్నా. కనబడని సోట వచ్చింది గదా, మంచిదేలే అనుకున్నా."

శివకుమారి అతని వైపు తిరిగింది.

"ముందు ఒక సంగతి చెప్తాను, ఇద్దరూ వినండి" అంది డాక్టరమ్మ. "ఇది సుఖవ్యాధి కాదు. ఈయన ఎక్కడికో పోయి తెచ్చుకున్నది కాదు. చేసిన తప్పుకు వచ్చిందీ కాదు. మీకు అంటుకోదు. చర్మం తెల్లబడి, పలచబడి, బిగుసుకుపోయే జబ్బు. ఎందుకొస్తుందో గట్టిగా ఎవరూ చెప్పలేరు. ఒంట్లో కాపలా ఉండాల్సిన శక్తే దారి తప్పి సొంత చర్మం మీద పడుతుందంటారు. ఏళ్ల తరబడి ఉంటుంది. మొదట్లో వస్తే పూత మందు ఇస్తాం, ఎంత పూయాలో ఎన్నాళ్లు పూయాలో చెప్పి. చాలామందికి దాంతో అణిగిపోతుంది. మరీ బిగుసుకుపోతే ముందు తోలు తీసేస్తాం. అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటూ ఉంటే చాలు."

"ట్యూబులు పూసినాడంట మేడం, శానా."

"అందులో నాలుగు మందులు కలిపి ఉంటాయమ్మా. పూస్తే నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది. అసలుది లోపల అలాగే ఉంటుంది."

"అయితే ఆ మంచి మందే రాయండి. నేను దగ్గరుండి పూపిస్తా."

డాక్టరమ్మ కళ్లద్దాలు తలమీద నుంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఆ బొడిపె వేరే సంగతి. వారాలు గడిచినా మానని పుండునీ, నెత్తురు వచ్చేదాన్నీ, గట్టిగా తగిలేదాన్నీ పూత మందుతో కప్పకూడదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈ జబ్బు ఉన్న అందరికీ అది చెడ్డ గడ్డగా మారదు, కొద్దిమందికే. మారిందో లేదో ముక్క చూస్తేనే తెలుస్తుంది. రేపు పొద్దున్నే రండి."

"రేపు బండి ఉండాది" అన్నాడు ఓబులేష్.

ఇద్దరు ఆడవాళ్లూ అతని వైపు చూశారు. అతను మళ్లీ నోరెత్తలేదు.

తిరిగి వస్తుంటే దీపాలు పెట్టారు. ఆటో సంతమార్కెట్టు దాటింది. అప్పుడు ఓబులేష్, రోడ్డు వైపే చూస్తూ, "అంటుకోదంట" అన్నాడు.

"విన్న్యా."

"నీకు అంటుకుంటాదేమోనని... అందుకే చాప మీద పండుకున్నా. గుడ్డలు గూడా అందుకే. నీ చెయ్యి తగలగూడదని."

శివకుమారికి రెండేళ్లుగా రాత్రిళ్లు తలుపవతల చాప మీద దొర్లుతున్న చప్పుడు విని, తనలో ఏం తక్కువైందో అని లెక్కలు వేసుకున్న సంగతి గుర్తొచ్చింది. ముసలిదాన్నయిపోయానా అని స్టీలు బిందెలో మొహం చూసుకున్న సంగతి కూడా. అతని వీపు మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. మళ్లీ కొట్టింది.

"అడగొచ్చు గదా! నోరుండాది గదా దేవుడిచ్చిన నోరు! నేనేమన్నా పరాయిదాన్నా?"

పీర్ బాషా అద్దంలో చూశాడు. "ఏమైందక్కా?"

"ఏమీ కాలేదు. నువ్వు పోనీ."

కొంతదూరం పోయాక ఓబులేష్ ముందుకు వంగాడు. "పీరూ, ఒక మాట. నీకు చిన్నప్పుడు సుంతీ చేసినారు గదా. నొచ్చిందా?"

ఆటో కొంచెం పక్కకి పోయి మళ్లీ దారిలోకి వచ్చింది. "ఏమప్పా, ఇప్పుడా ఆ మాట! యాడ గుర్తుంటాది? కొత్త గుడ్డలు కట్టి, కోడికూర పెట్టినారు. కోడికూర గుర్తుండాది."

"నాకు చేస్తారంట. ఈ వయసులో."

పీర్ బాషా నవ్వబోయి, అద్దంలో అతని మొహం చూసి ఆపుకున్నాడు. "చేస్తే చెయ్యనీయప్పా. మేమంతా బతికే ఉండాము గదా. మా గుల్షన్‌తో కోడికూర చేపిస్తా, నీకూ గుర్తుండాల గదా."

ఓబులేష్ నవ్వాడు. చాలా కాలానికి మనసారా నవ్వాడు. శివకుమారి కూడా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రాత్రి ఆమె చాప చుట్టి అటక మీదికి విసిరేసింది. అతను వచ్చి మంచం మీద ఆమె పక్కన పడుకున్నాడు. ఇద్దరూ చాలాసేపు పైకప్పు చూస్తూ, రేపు బండి పెట్టలేమన్న మాట హమాలీలకు ఎవరు చెప్పాలా అని వాదించుకున్నారు.

ముక్క పరీక్షలో కాన్సరని వచ్చింది. కోడికూరతో తీరలేదు వ్యవహారం. తోలు ఒక్కటి తీస్తే సరిపోయే కాలం దాటిపోయింది. ఆపరేషను చేసి కొంత భాగం తీసేశారు. అతను దానికి ఏడుస్తాడేమోనని ఆమె భయపడింది. అతను ఏడవలేదు. గొట్టం తీసేశాక మొదటిసారి ఒంటికి పోయి వచ్చి, "ధార నేరుగా పడిందే" అని చెప్పాడు. అన్నేళ్ల తరువాత, చిన్నపిల్లవాడు చెప్పినట్టు చెప్పాడు.

కానీ కాన్సరు గజ్జల్లోని బిళ్లలకు పాకింది. రేడియేషను కరెంటు పెట్టించడానికి ఊళ్లు తిరిగారు. కొన్నాళ్లు కడపలో సుప్రజ ఇంట్లో ఉన్నారు. సుప్రజ తండ్రిని ఏమీ అనలేదు. వంటింట్లో తల్లి దగ్గర మాత్రం, "నాకు చెప్పింటే ఏమయ్యేదమ్మా? తరగతిలో పిల్లలకి మనిషి ఒళ్లంతా బొమ్మ గీసి చెప్తాను నేను" అని ఏడ్చింది. ఒక ఆదివారం ఒంటిమిట్టకు తీసుకుపోతే, గుడి స్తంభాల నీడలో మనవరాలు ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడు. అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఇక ఆ అబద్ధంతో పోట్లాడే ఓపిక ఆమెకు లేకపోయింది. చలికాలం మొదట్లో కల్లూరు వచ్చేశారు. ఒక తెల్లవారుజామున నీళ్లు అడిగాడు. ఆమె లేచి తెచ్చేసరికి అవసరం తీరిపోయింది.

దినాలకు బంధువులు వచ్చారు. ఓబులేష్ పెద్దమ్మ కొడుకు చంద్రమోహన్ పెద్దరికం నెత్తిన వేసుకుని, ఎవరు అడిగినా కడుపులో గడ్డ అని చెప్పాడు. ఒకరికి చెప్పాడు, ఇద్దరికి చెప్పాడు. భోజనాల దగ్గర ఇంకెవరికో చెబుతుంటే శివకుమారి అన్నం బేసిను కింద పెట్టింది.

"కడుపులో కాదు చంద్రన్నా."

"ఎందుకమ్మా ఇప్పుడు..."

"కడుపులో కాదు. మొగతనం కాడ వచ్చింది. తెల్లమచ్చ వచ్చింది, పుండు అయింది, కాన్సరయింది. ఎవతె కాడికీ పోలేదు. సుఖరోగమూ కాదు. వేడి గూడా కాదు. అయిదారేండ్లు వేడి, వేడి అనుకుంటా దాచిపెట్టినాడు. చూపిచ్చింటే ఈ పొద్దు ఈ పంక్తిలో కూచోని తింటా ఉండేవాడు. నువ్వు కడుపు అంటే, వినేటోళ్లంతా కడుపు తడుముకుంటారు. తడుముకోవాల్సింది అది కాదు."

ఒక ముసలాయన ఛీ అన్నాడు. ఆడవాళ్లు కొంగులు నోళ్లకు అడ్డం పెట్టుకున్నారు. శివకుమారి బేసిను ఎత్తుకుని, తరువాతి విస్తరికి అన్నం వడ్డించింది.

నెల తిరక్కముందే బండి మళ్లీ పెట్టింది. బజ్జీలు తనే తీసేది. మొదట్లో హమాలీలు మొహమాటంగా తిని పోయేవాళ్లు. ఆమె దినాల్లో అన్న మాటలు బండి కంటే ముందే మలుపుకు చేరాయి. కొందరు వేరే బండికి పోయారు. పోతే పోనీ అనుకుంది.

ఒక పొద్దున, జనం పలచబడ్డాక, ఏసుకుమార్ అని కొత్తగా పాలిష్ యూనిట్లో చేరిన మనిషి వచ్చాడు. ముప్పై దాటినట్టుంటాడు. జుట్టు నిండా తెల్లటి రాతి దుమ్ము. మధ్యాహ్నపు అన్నం క్యారియరు బల్ల మీద పెట్టి, ఉగ్గాణి అడిగాడు. తీసుకుని తినలేదు. చెంచాతో అటూ ఇటూ జరుపుతూ నిలబడ్డాడు.

"ఏమప్పా, ఉప్పు చాలలేదా?"

"కాదక్కా." చుట్టూ చూశాడు. "అన్నకి మొదట ఎట్లుండేదో... తెల్లమచ్చేనా?"

శివకుమారి చేతిలోని జల్లిగరిటె అలాగే ఉండిపోయింది. ఎప్పటినుంచి అని ఆమె అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు. స్టవ్వు ఆర్పేసింది.

"పీరన్నా!" అని రోడ్డవతల ఆటో స్టాండుకేసి కేక పెట్టింది. "ఈడికి రా!"

"అక్కా, నాకు డ్యూటీ ఉండాది. ఆదివారం పోతాలే..."

"ఆదివారం డాక్టరు ఉండదు."

"ముందు మందంగడిలో ఒకసారి..."

"మందంగడి పేరెత్తితే ఈ నూనె నీ మీద పోస్తా. చూడు, మరుగుతాండాది ఇంకా." ఆమె గొంతు వణికింది. అది కోపమే అనుకుని అతను వెనక్కి తగ్గాడు. "భయపడాకు. అందరికీ అంతదాకా పోదు. మచ్చగా ఉన్నప్పుడే పోతే పూత మందుతో పోతాదంట. ఆయమ్మ మంచిది. ఏమీ అనదు."

పీర్ బాషా ఆటో తెచ్చి ఆపాడు. ఎందుకని అడగలేదు. ఏసుకుమార్ ఒకసారి యూనిట్ గేటు వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, ఎక్కి కూర్చున్నాడు.

"లోపలికి పోయేదాకా చూసి రా అన్నా" అంది శివకుమారి. "మెట్ల మీద నుంచి తిరుక్కోని వచ్చేస్తారు ఈ మొగోళ్లు."

ఆటో మలుపు తిరిగింది. ఆమె ప్లేట్లు తీద్దామని వచ్చి చూస్తే, ముట్టని ఉగ్గాణి పక్కన అతని అన్నం క్యారియరు బల్ల మీదే ఉంది. మూడు గిన్నెలది, పక్క క్లిప్పు విరిగితే ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టారు. ఎండ అప్పుడే దాని మీదికి వస్తోంది. ఆమె దాన్ని తీసి బండి కింద నీడలో పెట్టింది. లోపల ఎవరో పొద్దున్నే లేచి వండి సర్దిన అన్నం ఇంకా వెచ్చగానే ఉంది.